సంగం, సంఘం, కంప్యూటరు గది

2025 మార్చి 6కి కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా (అందరూ సీఎస్ఐ అనే అంటారు) పుట్టి అరవై ఏళ్ళు నిండాయి. అదే ఏడాది ఆగస్టుకి అమెరికాలో 'షేర్' అనే సంఘానికి డెబ్భై ఏళ్ళు. మన హైదరాబాదు 'స్వేచ్ఛ'కి ఇరవై. మూడింటికీ ఒకే ఏడాదిలో పండగొచ్చింది. మా ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే వాళ్ళని అడిగితే ఒక్కరికీ ఈ మూడు పేర్లూ కలిపి తెలీదు. సీఎస్ఐ అంటే "కాలేజీలో మెంబర్షిప్ కట్టించుకున్నారు, సర్టిఫికెట్టు ఇచ్చారు" అని మాత్రం ఇద్దరు చెప్పారు.

ఇవి యూనియన్లు కావు, కంపెనీలు కావు. జీతాలు పెంచమని అడగవు. కంప్యూటరు నడిపే వాళ్ళు, అందులోనూ యూనివర్సిటీల్లో, ల్యాబుల్లో నడిపే వాళ్ళు, 'నాకు తెలిసింది నీకు చెప్తా, నీకు తెలిసింది నాకు చెప్పు' అనుకుని పెట్టుకున్నవి. వినడానికి చాలా చిన్న విషయం. కానీ మనం ఇవాళ సాఫ్టువేరు అంటున్న దాంట్లో సగం ఇట్లాంటి గుంపుల్లోంచే పుట్టిందని నా అభిప్రాయం.

కంప్యూటరు గది నడిపేవాడి పని ఎలాంటిదో చెప్పాలంటే నాకు మా ఊరి పోలికే దగ్గరగా ఉంటుంది. మాది సంగం. బీరాపేరు లాంటి ఏర్లు వచ్చి పెన్నలో కలిసే చోటు కాబట్టి ఆ పేరు. ఇక్కడ ఆనకట్ట 1880ల్లో బ్రిటిషు వాళ్ళు కట్టారు. దాని బదులు కట్టిన కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించి, అంతకు కొన్ని నెలల ముందే చనిపోయిన ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు పెట్టారు. (ఆయన రాష్ట్ర ఐటీ మంత్రి కూడా. అనుకోకుండా కుదిరింది లెండి.) ఆనకట్ట కింద ఉన్నవాళ్ళ సంగతి సరే. పైన ఆత్మకూరు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళన్నీ చెరువుల మీదే బతికాయి. ప్రతి చెరువుకీ ఒక నీరుగంటి ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పోవాలి, గట్టు ఎక్కడ చెమ్మ పడుతోంది అన్నీ ఆయనకే తెలుసు. నీళ్ళు వస్తున్నంత కాలం ఆయన పేరు ఎవరికీ గుర్తు రాదు. ఆగిన రోజు మాత్రం ఊరంతా ఆయన ఇంటి ముందే. నూర్పిళ్ళప్పుడు కళ్ళం దగ్గర ఆయన మేర ఆయనకి కొలిచేవాళ్ళు.

సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగం సరిగ్గా ఇదే. మేర ఒక్కటే తేడా.

కాలవల పూడిక తీయడం, గట్లు వేయడం రైతులందరూ కలిసి చేసుకునేవాళ్ళు. దాన్ని కుడిమరామత్తు అనేవాళ్ళు. ఆ కట్టుబాటు సడలిపోతోందని బ్రిటిషు ప్రభుత్వం 1858లో మద్రాసు రాష్ట్రానికి ఒక చట్టం తెచ్చింది, పనికి రాని వాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేసేట్టు. చట్టం కాగితం మీద ఉంది, పూడిక కాలవలో ఉంది. మళ్ళీ 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీటి వినియోగదారుల సంఘాలు పెట్టి ఎన్నికలు జరిపించింది. అదీ కొన్నిచోట్ల నడిచింది, కొన్నిచోట్ల కాంట్రాక్టర్ల చేతిలో పడింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, సీఎస్ఐ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇహ కంప్యూటర్ల కథకి వద్దాం.

1950ల మొదట్లో ఐబీఎం 701 అనే యంత్రం వచ్చింది. మొత్తం పంతొమ్మిది తయారుచేశారు. అందులో కొన్ని లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల విమానాల కంపెనీలకి పోయాయి. యంత్రం అద్దెకి ఇచ్చారు గానీ దాంతో పాటు సాఫ్టువేరు అని చెప్పుకోదగ్గది ఏదీ రాలేదు. ప్రతి కంపెనీ తన సైను, కొసైను లెక్కలు తనే రాసుకుంది, తన అసెంబ్లరు తనే రాసుకుంది. ఒకే పని అన్నిచోట్లా మళ్ళీ మళ్ళీ. ప్రోగ్రాములు రాసే ఖర్చు యంత్రం అద్దెతో పోటీ పడింది. ఇంతలో 704 వస్తోందని తెలిసింది. 701కి రాసిందంతా దాని మీద నడవదు. మళ్ళీ మొదటికి.

అప్పుడు, 1955 ఆగస్టులో, శాంటా మోనికాలోని రాండ్ సంస్థలో పదిహేడు సంస్థల వాళ్ళు కూర్చున్నారు. వీళ్ళలో చాలామంది ఒకరికొకరు పోటీదారులు. ఒకే సైనిక కాంట్రాక్టు కోసం కొట్టుకునే విమానాల కంపెనీలు. అయినా కంప్యూటరు గదుల వాళ్ళు మాత్రం కలిసి కూర్చుని, ఎవరెవరు ఏ ప్రోగ్రాము రాయాలో పంచుకున్నారు. ఎవరి అసెంబ్లరు వాళ్ళకి ముద్దే కదా? ఆ ముద్దు వదులుకుని యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో రాయ్ నట్ రాసినదాన్ని అందరికీ ఒకటిగా ఒప్పుకున్నారు. నన్నడిగితే ఆ సమావేశంలో గొప్ప నిర్ణయం ఇదే. నా కోడు పక్కన పెట్టి నీ కోడు వాడతానని ఒక ప్రోగ్రామరు ఒప్పుకోవడం ఎంత కష్టమో, ఏ టీములోనైనా ఆరు నెలలు పనిచేసిన వాళ్ళకి తెలుస్తుంది :) షేర్ అన్న పేరుకి ముందు విస్తరణ ఏమీ లేదు. 'చేసిన పనే మళ్ళీ చేయకుండా కాపాడే సంఘం' అన్న అర్థం వచ్చేట్టు తర్వాత అక్షరాలు అతికించారు.

యూనివర్సిటీల వాళ్ళు కొంచెం ఆలస్యంగా కదిలారు. 1963లో అమెరికాలోని ఏసీఎం కింద యూనివర్సిటీ కంప్యూటరు సెంటర్ల వాళ్ళకి విడిగా ఒక బృందం మొదలైంది. ఇప్పుడు దాన్ని సిగ్‌యూక్స్ అంటారు. పరిశోధన చేసే ప్రొఫెసర్లకి సమావేశాలు ముందే చాలా ఉన్నాయి. ఇది ఆ ప్రొఫెసర్ల కార్డులు యంత్రంలో ఇరుక్కుంటే తీసే వాళ్ళది, కొత్త విద్యార్థికి మాన్యువల్ రాసే వాళ్ళది, 'సార్, పాస్‌వర్డు మర్చిపోయా' అంటే కసురుకోకుండా సమాధానం చెప్పే వాళ్ళది.

కానీ యూనివర్సిటీల్లో అసలు కథ యూనిక్స్‌తో నడిచింది. ఏటీ అండ్ టీ కంపెనీ ప్రభుత్వంతో 1956లో చేసుకున్న ఒప్పందం ప్రకారం టెలిఫోను తప్ప వేరే వ్యాపారం చేయకూడదు. వాళ్ళ బెల్ ల్యాబ్స్‌లో 1969లో యూనిక్స్ పుట్టింది. అమ్ముకోడానికి లేదు. అందుకని యూనివర్సిటీలకి నామమాత్రం డబ్బు తీసుకుని సోర్సు కోడుతో సహా ఇచ్చేశారు, ఒక షరతు మీద: సపోర్టు ఉండదు, బగ్గులు దిద్దరు, డబ్బు ముందే కట్టాలి. ఇట్లాంటి షరతు ఇవాళ ఏ కంపెనీ అయినా పెడితే ఎవరూ కొనరు. అప్పుడు మాత్రం దానివల్లే మేలు జరిగింది. అడగడానికి కంపెనీ లేదు కాబట్టి ఒక యూనివర్సిటీ వాళ్ళు ఇంకో యూనివర్సిటీ వాళ్ళని అడిగారు. 1974, 75ల్లో న్యూయార్కులో యూనిక్స్ వాడేవాళ్ళు సమావేశాలు పెట్టుకున్నారు. టేపులు పంచుకున్నారు. అదే తర్వాత యూస్‌నిక్స్ అయింది. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అనే మాస్టారు తన విద్యార్థుల కోసం యూనిక్స్ ఆరో ఎడిషను కోడు వరస వరసకీ వివరణ రాశాడు. ఏటీ అండ్ టీ దాన్ని క్లాసుల్లో వాడనివ్వడం మానేసింది. దాంతో జిరాక్సుకి జిరాక్సు తీసి ప్రపంచమంతా పంచుకున్నారు. కంప్యూటరు సైన్సులో అంత దొంగతనంగా చదివిన పుస్తకం ఇంకోటి లేదంటారు. 1996లో గానీ బాహాటంగా అచ్చవలేదు.

మన దేశంలో సంగతి.

బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్. నరసింహన్ బృందం సొంతంగా కట్టిన టిఫ్రాక్ 1960లో పనిలోకి వచ్చింది. 1964లో అక్కడికే సీడీసీ 3600 అనే పెద్ద యంత్రం వచ్చింది, దేశంలోని పరిశోధకులందరూ వాడుకోవడానికి. ఐఐటీ కాన్పూరుకి 1963లో ఐబీఎం 1620 వచ్చింది. అక్కడ వి. రాజారామన్ లాంటి వాళ్ళు తమ విద్యార్థులకే కాక బయటి యూనివర్సిటీల వాళ్ళకీ, కంపెనీల వాళ్ళకీ చిన్న చిన్న కోర్సులు పెట్టి ఫోర్ట్రాన్ నేర్పారు. దేశం మొత్తం మీద కంప్యూటర్లు వేళ్ళ మీద లెక్కపెట్టే కాలం. యంత్రం చెడితే పక్క ఊళ్ళో అడగడానికి మనిషి లేడు. పక్క ఊరంటే వెయ్యి కిలోమీటర్లు.

ఆ పరిస్థితిలో 1965లో, కంప్యూటరు వాడేవాళ్ళ గుంపు ఒకటి తనని తాను సంఘంగా మార్చుకుంది. అదే సీఎస్ఐ. మొదటి అధ్యక్షుడు నరసింహనే. 'వాడేవాళ్ళ గుంపు' అన్నమాట ముఖ్యం. అమ్మేవాళ్ళది కాదు, ప్రభుత్వానిది కాదు. తర్వాత కొన్నేళ్ళకి టీసీఎస్ ఎఫ్.సి. కోహ్లీ కూడా దానికి అధ్యక్షుడయ్యాడు. ఆ రోజుల్లో టీసీఎస్ వాడూ, యూనివర్సిటీ వాడూ, రక్షణ శాఖ ల్యాబు వాడూ ఒకే గదిలో కూర్చుని ఒకే యంత్రం గురించి మొరపెట్టుకునే చోటు అది.

హైదరాబాదు ఈ కథలోకి ఇంకో దారిలో వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకి చెందిన అయ్యగారి సాంబశివరావు (ఏ.ఎస్. రావు నగర్ అంటే అందరికీ తెలుసు, మనిషి తెలీదు) నాయకత్వంలో 1967లో ఈసీఐఎల్ మొదలైంది. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు చేశారు. 1970ల మధ్యలో టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఇవి దేశంలో చాలా ల్యాబులకీ విద్యాసంస్థలకీ వెళ్ళాయి. స్వదేశీ యంత్రం అని ఇవాళ మనం మురిసిపోతాం గానీ, దాన్ని నడిపిన వాళ్ళ కోణంలోంచి చూడండి. ఐబీఎం యంత్రానికైతే ప్రపంచమంతా తోడు ఉంది. షేర్ ఉంది, మాన్యువళ్ళు ఉన్నాయి. టీడీసీకి తోడు ఎవరు? దేశంలో అదే యంత్రం ఉన్న ఇంకో గది. అంతే. కుషాయిగూడ ఫ్యాక్టరీ ఇంజినీరు, ఆ ఇంకో గది మనిషి, వీళ్ళిద్దరే దిక్కు.

1978లో ఇంకో దెబ్బ తగిలింది. విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం కింద వాటా తగ్గించుకోమంటే ఒప్పుకోక ఐబీఎం దేశం వదిలిపోయింది. యంత్రాలు ఇక్కడే ఉన్నాయి, బాగుచేసేవాడు వెళ్ళిపోయాడు. వాటి మెయింటెనెన్సు ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడింది. దానికీ మొదటి చైర్మన్ నరసింహనే. సీఎంసీని మన చరిత్రల్లో రైల్వే రిజర్వేషను కోసమే తలుచుకుంటారు. నాకు మాత్రం అంతకంటే పెద్ద సంగతి ఈ 1978దే. తయారీదారు లేకుండా దేశమంతా ఉన్న కంప్యూటరు గదులు ఆగకుండా నడిచాయి. మాన్యువల్లో లేనిది ఒకరినొకరు అడిగి తెలుసుకునే తరం ఒకటి దాంతో తయారైంది.

1986లో ఎర్నెట్ మొదలైంది. ఐదు ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ శాఖ, మొత్తం ఎనిమిది చోట్లు. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ జనానికి వచ్చేదాకా మన విద్యాసంస్థలకి బయటి ప్రపంచంతో ఉన్న దారి ఇదే. ఈ ఎనిమిదిలో ఒక్కటీ తెలుగు గడ్డ మీద లేదు. మనవాళ్ళు తర్వాత చేరారు.

ఇక్కడ నాకు కనపడే వరస ఒకటుంది. అమ్మినవాడు సపోర్టు ఇవ్వని చోటే ఈ సంఘాలు గట్టిగా పెరిగాయి. 701కి సాఫ్టువేరు లేదు, షేర్ పుట్టింది. యూనిక్స్‌కి దిక్కు లేదు, యూస్‌నిక్స్ పుట్టింది. కాంట్రాక్టు రాసుకుని ఫోను చేస్తే ఇంజినీరు వచ్చే రోజులు రాగానే 'పక్క గది వాణ్ణి అడుగుదాం' అన్న అవసరం తగ్గింది.

సీఎస్ఐకి కూడా అదే జరిగిందనుకుంటా. సంఘం చిన్నది కాలేదు, పెద్దదయింది. దేశమంతా శాఖలు, వందల ఇంజినీరింగు కాలేజీల్లో విద్యార్థి శాఖలు. వార్షిక సమావేశం 2013 డిసెంబరులో విశాఖపట్నంలో, 2014 డిసెంబరులో హైదరాబాదు జేఎన్‌టీయూలో జరిగింది. సమర్పించిన పేపర్లన్నీ లావు లావు సంపుటాలుగా అచ్చయ్యాయి. తప్పేం లేదు. కానీ చూడండి, గుంపు ఎవరిదో మారిపోయింది. యంత్రం నడిపేవాళ్ళు మొదలుపెట్టిన దాంట్లో ఎక్కువమంది విద్యార్థులు, పేపరు రాసే అధ్యాపకులు అయ్యారు. కాలేజీకి గుర్తింపు కోసం వచ్చే తనిఖీ బృందానికి 'మా దగ్గర వృత్తి సంఘాల శాఖ ఉంది' అని చూపించడానికి పనికొచ్చింది. అదే కాలేజీలో మూడు వందల కంప్యూటర్లు నడిపే మనిషిని మాత్రం ఎవరూ సభ్యుడిగా చేర్చరు. 1858 చట్టం గుర్తుందా? రిజిస్టరులో పేర్లు ఎక్కించవచ్చు. పలుగూ పారా పట్టుకుని కాలవలోకి దిగడం రిజిస్టరు వల్ల కాదు.

ఆ ఖాళీలోకి మన దగ్గర వచ్చినవాళ్ళు లినక్సు కుర్రాళ్ళు. 1991లో హెల్సింకి యూనివర్సిటీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సుకి కూడా సపోర్టు ఇచ్చే కంపెనీ లేదు. మళ్ళీ అదే వరస! 1990ల చివర్లో పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీలు కొనుక్కుని, ఇన్‌స్టాలు చేయబోయి హార్డు డిస్కులు ఖాళీ చేసుకుని, దిక్కుతోచక ఒకరినొకరు వెతుక్కున్న వాళ్ళే ఊరూరా లినక్స్ యూజర్ గ్రూపులు పెట్టారు. హైదరాబాదులో 2005లో స్వేచ్ఛ మొదలైంది. వీళ్ళు చేసిన పని నాకు నచ్చింది ఎందుకంటే, ఉద్యోగాలు చేసుకునే సాఫ్టువేరు ఇంజినీర్లు శని ఆదివారాలు కాలేజీలకి వెళ్ళి 'గ్లగ్'లు పెట్టించారు. గ్లగ్ అంటే గ్నూ/లినక్స్ యూజర్ గ్రూపు. డెస్క్‌టాపు తెలుగులో కనపడేట్టు చేశారు. 2023లో చందమామ లాంటి కథలతో తెలుగు భాషా మోడలు కోసం పాఠం సిద్ధం చేయడానికి వేలమంది ఇంజినీరింగు విద్యార్థుల్ని కూర్చోబెట్టారు. సంస్థ రాజకీయాలతో మీకు పేచీ ఉండొచ్చు, నాకూ కొన్నిటితో ఉంది. కానీ కాలవలోకి దిగారు.

ఇప్పుడు పడమటి నెల్లూరు సంగతి. నేను చదివింది ఈ వైపు కాలేజీలోనే. పేరు అనవసరం. 2008లో జేఎన్‌టీయూ నాలుగు ముక్కలయ్యాక నెల్లూరు జిల్లా కాలేజీలు అనంతపురం కిందకి వెళ్ళాయి. మా కాలేజీలో కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒకే మనిషి. మేం 'ల్యాబ్ సార్' అనేవాళ్ళం. ఆన్‌లైను పరీక్షల రోజున సర్వరు, జనరేటరు, ఏసీ, ప్రింటరు, బయోమెట్రిక్ యంత్రం అన్నీ ఆయనవే. జీతం మాత్రం రెండు నెలలకోసారి, అదీ అడిగితే. ఏదైనా అర్థం కాకపోతే ఆయన ఎవరిని అడిగేవాడు? నెల్లూరులో కంప్యూటర్లు అమ్మిన షాపు వాణ్ణి. ఇరవై ముప్పై కిలోమీటర్లలో ఇంకో కాలేజీ ఉంది, అక్కడా ఇలాంటి మనిషే ఒకడున్నాడు, అదే సర్వరు, అదే బాధ. వీళ్ళిద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. ఎందుకంటే రెండు కాలేజీలకీ అడ్మిషన్ల దగ్గర పోటీ. "వాళ్ళతో మనకేంటి మాట" అనేది మేనేజిమెంటు.

1955లో పోటీ విమానాల కంపెనీలు తమ మనుషుల్ని ఒక గదిలో కూర్చోనిచ్చాయి. రెండు మెట్ట ప్రాంతపు కాలేజీలు కూర్చోనివ్వవు. అమెరికా వాళ్ళు మంచివాళ్ళు, మనవాళ్ళు కాదు అని చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడ అద్దె బిల్లు చూసి యజమానికే నొప్పి పుట్టింది. ఇక్కడ ల్యాబ్ సార్ రాత్రి పదకొండు దాకా ఉండి బాగుచేస్తాడు, ఆ గంటలు ఏ బిల్లులోనూ రావు. నొప్పి ఆయనదే కాబట్టి సంఘం ఖర్చు ఎవరికీ అక్కర్లేదు. నా లెక్క ప్రకారం ఇదే అసలు కారణం. టైము లేకపోవడం, ఇంగ్లీషు రాకపోవడం, ఆసక్తి లేకపోవడం అని చెప్పే కారణాలన్నీ దీని తర్వాతే.

పట్నంలో పెద్ద కంపెనీలో నాకు ఏదైనా తెలీకపోతే అడగడానికి పదిమంది ఉన్నారు, అడిగే టైముకి కూడా జీతం ఇస్తారు. ఆత్మకూరులో, ఉదయగిరిలో అదే పని చేసేవాడికి అది లేదు. తెలివిలో మేము పెద్ద తేడా ఏమీ కాదు.

ఇంకో సంగతి. టీడీసీ-316లు, ఐబీఎం వదిలేసి వెళ్ళిన యంత్రాలు నడిపిన మనవాళ్ళకి ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళు ఉంటాయి. అధ్యక్షుల పేర్లు చరిత్రలో ఉన్నాయి, వీళ్ళవి లేవు. ఈసీఐఎల్‌లోనో, సీఎంసీలోనో, ఉస్మానియా, ఆంధ్ర, వెంకటేశ్వర యూనివర్సిటీల కంప్యూటరు గదుల్లోనో పనిచేసి రిటైరైన పెద్దాయన గానీ పెద్దావిడ గానీ మీ ఇంట్లో ఉంటే, ఒక ఆదివారం కూర్చుని అడగండి. కార్డు రీడరు ఇరుక్కుపోతే ఎవరికి ఫోను చేసేవాళ్ళు, ట్రంకు కాల్ దొరకడానికి ఎంతసేపు పట్టేది, అవతలి గదిలో మనిషి పేరేమిటి, ఆయన్ని ఎప్పుడైనా కళ్ళారా చూశారా అని. చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి.